జేబులో పదమూడు ఔన్సులు

"ఇంతకంటే చిన్నది లేదా?" అన్నాడు వెండెల్.

దుకాణం క్లీటస్ అప్పటికే అద్దాల బల్ల మీద ఆరు రివాల్వర్లు పరిచాడు.

"ఇంతకంటే చిన్నదంటే తాళంచెవులకి తగిలించుకునే బొమ్మే అన్నా. అయినా, ఎవరికి కనబడకూడదని నీ బాధ? దొంగలకా?"

"మా ఆవిడకి."

క్లీటస్ నవ్వు ఆపుకున్నాడు. ఓక్లహోమాలోని ఆ చిన్న ఊళ్లో వెండెల్ భార్య ఆర్డిత్ సంగతి తెలియనివాళ్లు లేరు. ఇరవై రెండేళ్ల కిందట, థాంక్స్‌గివింగ్ పండగనాడు వెండెల్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని పాత పిస్తోలు తుడుస్తుంటే అది పేలింది. అప్పటికే చచ్చి, నాలుగు గంటలు కాలి, పళ్లెంలోకొచ్చిన టర్కీ కోడి రెండోసారి చచ్చింది. ఆర్డిత్ అరవలేదు. జుట్టులో పడ్డ మాంసం ముక్కలు ఏరుకుంటూ, "ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అంది. మర్నాడే పిస్తోలు అమ్మేశాడు.

ఇన్నేళ్లూ మాట తప్పలేదు. కానీ పోయిన నెల వీధి చివర పెట్రోలు బంకులో పట్టపగలు దొంగలు పడి, అక్కడి ముసలాయన తల పగలగొట్టారు. రోజూ ఆ వేళకి వెండెల్ ఆయనతో కాఫీ తాగుతూ ఉంటాడు. ఆ ఒక్కరోజే జలుబు చేసి వెళ్లలేదు. అప్పట్నుంచీ గుమ్మం దాటితే వీపు జలదరిస్తోంది.

క్లీటస్ ఇంకోటి తీసి చేతిలో పెట్టాడు.

"ఇది చూడు. ఐదు తూటాలు. అల్యూమినియం ఒళ్లు. పదమూడు ఔన్సులు, అరకిలో కూడా లేదు. తూటాని కొట్టే వెనక సుత్తి కూడా లోపలే దాక్కుంటుంది, జేబులోంచి తీసేటప్పుడు బట్టకి పట్టుకోదు."

"అసలు బరువే లేదే!"

"మోసేటప్పుడు ఉండదు. పేల్చినప్పుడు తెలుస్తుంది. ఎంత తేలికదైతే అంత గట్టిగా తన్నుతుంది."

"మా ఆవిడా అంతే," అన్నాడు వెండెల్.

వెనక షెడ్డులో ఐదు తూటాలూ పేల్చి చూశాడు. అరచేయి కందిపోయింది. కాగితానికి రెండు తగిలాయి. మిగతా మూడూ ఎటు పోయాయో ఇద్దరికీ తెలీలేదు.

"వారానికోసారి వచ్చి సాధన చెయ్యి అన్నా. లేకపోతే దొంగ బతికిపోతాడు, వాడి పక్కవాడు పోతాడు."

తోలు తొడుగులో పెట్టి జేబులో వేసుకున్నాడు. నడిచాడు. కూర్చున్నాడు. బూటు లేసు కట్టుకున్నాడు. అద్దం ముందు రెండు స్టెప్పులు కూడా వేశాడు. ఏమీ తెలియడం లేదు.

ఇంటికెళ్లాకే అసలు కష్టాలు మొదలయ్యాయి.

ఆర్డిత్ దగ్గరికొస్తే కుడివైపు తగలకుండా పక్కకి తిరిగేవాడు. "ఏమిటి, పీతలా అయిపోయావ్?" అంది. నడుం పట్టేసిందన్నాడు. పాపం, రెండు పూటలా మందు రాసింది. ప్యాంటు జేబులు వెతుకుతుందేమోనని నలభై ఒక్కేళ్ల కాపురంలో మొదటిసారి తన బట్టలు తనే ఉతుక్కున్నాడు. ఆవిడ హడలిపోయి డాక్టరుకి ఫోను చేసింది. చర్చిలో ఎప్పటిలాగే తలుపు కనిపించే చివరి బెంచీలో కూర్చుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, "నాతో ఏమన్నా చెప్పాలా వెండెల్?" అని మెల్లగా అడిగింది.

"ఏం లేదే!" అన్నాడు.

ఆ అబద్ధం పదమూడు ఔన్సులకంటే బరువుగా ఉంది. నడుం నొప్పి లెక్కలోకి తీసుకోకపోతే, ఇరవై రెండేళ్లలో ఆవిడకి చెప్పిన మొదటి అబద్ధం అదే.

శుక్రవారం పొద్దున మేనకోడలు జోలీన్ కోర్టుకి రమ్మంది. ఒక పసిపిల్లని దత్తత తీసుకుంటోంది. జడ్జి ముందు అత్తా మామా పక్కనుండాలట. ఇద్దరూ మంచి బట్టలు వేసుకుని ట్రక్కులో బయల్దేరారు. ట్రక్కు ఆపాక గానీ వెండెల్‌కి కోర్టు తలుపు మీది బోర్డు కనబడలేదు. ఆయుధాలతో లోపలికి రారాదు. చెయ్యి జేబు మీదికి వెళ్లింది. అలవాటైపోయి ఇంట్లో పెట్టి రావడం మరిచిపోయాడు.

"నువ్వు పద, ఆర్డిత్. నేను తాళం వేసొస్తా."

"నువ్వే పద. నేను లిప్‌స్టిక్ వేసుకోవాలి."

"వేసుకో. నేనుంటాగా."

"నువ్వు చూస్తుంటే వంకర పోతుంది. వెళ్లు మహానుభావా!"

దిగక తప్పలేదు. కాసేపటికి ఆవిడ హుషారుగా దిగొచ్చింది. వెండెల్ ట్రక్కుకి తాళం వేసి మెట్ల దాకా నడిచాడు. అద్దాల తలుపు వెనక గార్డు, వాడి పక్కన లోహాన్ని పసిగట్టే గుమ్మం. కాళ్లు ఆగిపోయాయి.

"కళ్లద్దాలు ట్రక్కులో మరిచిపోయా."

"ముక్కు మీదున్నవేమిటి?"

"ఇవి కాదు. చదివేవి."

ఆర్డిత్ మొహం పాలిపోయింది. "నేను తెస్తా, తాళం ఇటివ్వు. నీకసలే నడుం నొప్పి."

"నడుం తగ్గిపోయింది!"

"వెండెల్! ఆగు! నా మాట విను!"

తెలిసిపోయింది, అనుకున్నాడు వెండెల్ పరుగెడుతూ. అంతా తెలిసిపోయింది. తాళం తీశాడు. ఇది ఇక్కడ పడేసి వెనక్కెళ్లి, మెట్ల మీదే, అందరి ముందూ తప్పు ఒప్పేసుకుంటాడు. ఆర్డిత్ ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. ఇంక దాచడం తన వల్ల కాదు.

డాష్‌బోర్డు సొరుగు లాగాడు.

లోపల, ఏళ్ల తరబడి రోజూ చేతిలో నలిగి పిడి నున్నగా అరిగిపోయిన ఇంకో చిన్న రివాల్వర్, ఆర్డిత్ పూల రుమాలు సగం కప్పుకుని హాయిగా పడుకుని ఉంది.