నమ్మకమైన నంబరు

"ఈ మెయిలు నేను రాయలేదు సార్."

"మీ అకౌంట్లోంచే వెళ్ళింది కదమ్మా. కింద మీ పేరు కూడా ఉంది." సైబర్ విభాగం అధికారి కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు.

'ఒంట్లో బాగోలేదు. ఉద్యోగం మానేస్తున్నాను. ఇక నాకు ఫోన్ చేయకండి.' మూడే వాక్యాలు. తొమ్మిదేళ్ళుగా ఆమె రక్తపరీక్షలు చేస్తున్న ల్యాబులో, ఆమె స్టూలు మీద ఇప్పుడు ఇంకొకరు కూర్చుంటున్నారు. దానికి ముందు విడాకుల లాయరుకు ఒకటి వెళ్ళింది, 'మేం రాజీపడ్డాం, కేసు వద్దు' అని. ఉన్న ఒక్క స్నేహితురాలికి వెళ్ళినదాన్ని ఆమె చివరిదాకా చదవలేకపోయింది. స్నేహితురాలు మాత్రం చదివింది. ఫోనెత్తడం మానేసింది.

"మీ ఆయన పనేనని ఎలా అంటున్నారు?"

"వెళ్ళేటప్పుడు చెప్పే వెళ్ళాడు సార్, నన్ను కాదని ఎలా బతుకుతావో చూస్తానని. చూస్తున్నాడు."

"పాస్‌వర్డ్ మార్చారా?"

"ఆరుసార్లు."

"మీరు మార్చిన ప్రతిసారీ 'మర్చిపోయాను' అని నొక్కి కొత్తది పెట్టుకుంటున్నాడు. అలా నొక్కితే ఒక కోడ్ వస్తుంది. ఏ ఫోనుకి?"

"నా ఫోనుకే. నేను చూసేసరికి అంతా అయిపోయి ఉంటుంది."

"ఆ ఫోను ఆయన చేతికి చిక్కే వీలుందా?"

"మా గడప తొక్కి ఐదు నెలలైంది సార్. తాళం కూడా మార్పించాను."

"అయితే ఫోనులోనే ఏదో దొంగ యాప్ పెట్టి పోయాడు. ఎక్కడో కూర్చుని మీ మెసేజీలు చదువుతున్నాడు. అన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నవాడు కదా, ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు." అనేశాక ఆయనకు బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ గుర్తొచ్చింది. "ఏమనుకోకండి పెద్దమ్మా."

"అనండి బాబూ, ఉన్నమాటేగా," అంది అత్తయ్య. "నా కడుపున చెడబుట్టాడు. నేనే అనుకుంటుంటే మీరంటే తప్పేముంది?"

కొడుకు పెట్టె సర్దుకుని వెళ్ళిన రోజు అత్తయ్య అతని వెంట కదల్లేదు. 'తప్పు చేసింది నువ్వు, నేనెందుకు రావాలి?' అంది. అత్తాకోడళ్ళంటే ఉప్పూనిప్పూ అనుకునే చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. కన్నవాళ్ళు ఎప్పుడో పోయిన ఆ కోడలికి ఈ లోకంలో నా అనే మనిషి ఆ రోజు నుంచి అత్తయ్య ఒక్కతే.

"ఇంకా చెడగొట్టడానికి ఏమైనా మిగిలిందా?" అడిగాడు అధికారి.

"ఒకటుంది సార్. వేరే ఊళ్ళో ఆసుపత్రి ల్యాబు ఉద్యోగం. చేరతానని వాళ్ళ మెయిలుకి జవాబివ్వాలి. పోయిన వారం 'నాకక్కర్లేదు' అని నా పేరు మీద వెళ్ళిపోయింది. కాళ్ళావేళ్ళా పడితే రేపు పదింటికి మళ్ళీ పంపుతామన్నారు, దరఖాస్తు పెట్టిన ఈ అకౌంటుకే. ఇదే ఆఖరుసారట. రేపు కూడా..."

అధికారి మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు. ఫోనులో ఉన్నదంతా తుడిచేసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టించాడు.

"కోడ్ ఇక ఈ ఫోనుకి రాకూడదు. ఇంకో నంబరివ్వండి. ఇంటర్నెట్ లేని డబ్బా ఫోనైతే మరీ మంచిది, అందులో ఎవరూ ఏదీ పెట్టలేరు. మీరు పూర్తిగా నమ్మే మనిషిదై ఉండాలి."

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అత్తయ్య నంబరు చెప్పింది.

"నాదెందుకే?" అత్తయ్య కంగారుపడింది. "ఆ కోడ్లూ గీడ్లూ నాకేం తెలుసు?"

"తెలియకపోవడమే మంచిది పెద్దమ్మా," అని నవ్వాడు అధికారి.

తిరుగు బస్సులో ఆమె కిటికీకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కసీటు వాళ్ళు చూస్తున్నా పట్టించుకునే ఓపిక లేదు.

"చచ్చిపోవాలనిపిస్తోంది అత్తయ్యా. రేపటిది కూడా పోతే ఇక నావల్ల కాదు."

"ఛ, అవేం మాటలే? నేనుండగా నీకేంటి?" అత్తయ్య రుమాలుతో ఆమె మొహం తుడిచింది. రుమాలు మడుస్తూ అడిగింది. "ఆ ఊరు ఎంత దూరం?"

"రైల్లో పద్నాలుగు గంటలు."

"అంత దూరమా!"

"మీరూ వస్తున్నారుగా."

"రాకేం చేస్తాను తల్లీ. నువ్వెక్కడుంటే నా మంచం అక్కడే."

ఆ తర్వాత ఇల్లు చేరేదాకా అత్తయ్య ఒళ్ళోని సంచీ తాడునే మెలితిప్పుతూ కూర్చుంది. కొడుకు గుర్తొచ్చి ఉంటాడని కోడలు అనుకుంది. ఎంతైనా తల్లి. ఈ వయసులో తనవల్ల ఆ తల్లీకొడుకుల మధ్య ఇంత దూరం వచ్చిందే అని ఆమెకు మనసంతా చేదైపోయింది.

మర్నాడు పొద్దున తొమ్మిది దాటాక ఆమె ఇస్త్రీ బట్టలు తీసి కుర్చీ మీద పెట్టుకుంది.

"మెయిలు చూసుకోడానికి అంత ముస్తాబెందుకే? వాళ్ళకి అందులోంచి నువ్వు కనిపిస్తావా ఏంటి?" అని ఆటపట్టించింది అత్తయ్య.

ఐదు నెలల్లో మొదటిసారి ఆమె పైకే నవ్వింది. నవ్వుతూనే స్నానానికి వెళ్ళింది. లోపల నీళ్ళ చప్పుడుతో పాటు చిన్నగా కూనిరాగం కూడా వినిపించింది.

వంటింటి గట్టు మీద డబ్బా ఫోను టింగుమంది. అత్తయ్య చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఫోను తీసుకుని బాల్కనీలోకి నడిచింది. తలుపు చేరవేసి ఒక నంబరు నొక్కింది.

"ఈసారి నా ఫోనుకే వచ్చింది నాన్నా, రాసుకో."