బొంత పూర్తయ్యేదాకా

“బిగించమను!” అన్నారు మామగారు, బొంత అంచు ఎత్తి అడుగున కుట్టు చూస్తూ.

“బిగించానని చెప్పు,” అన్నాడు మరిది, నేలమీద చతికిలబడి, రీలు దారాన్ని రెండు వేళ్ళ మధ్య నొక్కి పట్టుకుని.

మధ్యలో కూర్చుని మిషను తొక్కుతున్న అత్తగారికి ఒళ్ళు మండింది. “మూరెడు దూరంలో ఉన్నారు. మీకేమైనా చెవుడా? నేను కాళ్ళతో తొక్కాలా, నోటితో మీ కబుర్లు మోయాలా?”

తలుపు దగ్గర నిలబడ్డ కోడలికి నవ్వాగలేదు.

తండ్రీకొడుకులకి మాటలాగి రెండేళ్ళు. ఆస్తి తగాదా కాదు, పెళ్ళి తగాదా అంతకన్నా కాదు. తడిసిన గొడుగుని తెరిచి ఆరబెట్టాలని తండ్రి, ముడిచి వేలాడదీయాలని కొడుకు. మాటా మాటా పెరిగింది. ఆ గొడుగు మర్నాటికే ఆరిపోయింది, వీళ్ళ కోపం మాత్రం ఇంకా తడి తడిగానే ఉంది. ఇద్దరికిద్దరూ, పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

ఇప్పుడు మరిదికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. గది కూడా చూసుకున్నాడు.

“ఆదివారం వెళ్ళిపోతానమ్మా,” అన్నాడు.

“పాత బట్టలన్నీ కలిపి బొంత కుట్టి ఇస్తాను. అది పూర్తయ్యేలోగా గడప దాటావంటే నా మీద ఒట్టే,” అంది అత్తగారు.

“పోయేవాళ్ళని ఎవరాపారు?” అన్నారు మామగారు, గోడ గడియారంతో.

మిషను కోడలిది. అది నెల క్రితమే ఇంటికొచ్చింది. సూదిలో దారం ఎక్కించడం, బాబిన్ చుట్టడం, కాలు సమంగా ఆడించడం అన్నీ ఆవిడే అత్తగారికి నేర్పింది. కానీ సోమవారం బొంత మొదలెట్టగానే, పైదారాన్ని బిగించే మరని అత్తగారు తెలియక వెనక్కి తిప్పేసింది. ఇంకేముంది, గుడ్డ అడుగున దారం ఉండలు ఉండలు! ఆ సమయానికి కోడలు ఇంట్లో లేదు. మరిది పరుగున వచ్చి దారాన్ని వేళ్ళతో బిగబట్టాడు, మామగారు వచ్చి అడుగున ఉండలు కడుతోందేమో చూసి చెప్పారు. కుట్టు చక్కగా పడింది.

దాంతో అత్తగారు సిద్ధాంతం చేసేసింది. “దీనికి మనుషులు కావాలే అమ్మాయ్! మగాళ్ళిద్దరూ పక్కనుంటేగానీ కుట్టదు.”

“అదేం లేదత్తయ్యా, మర వదులైందంతే,” అని కోడలు బిగించి, గుర్తుగా గోళ్ళరంగు చుక్క పెట్టింది.

మంగళవారం సాయంత్రానికి మర మళ్ళీ వదులు! బుధవారం పొద్దున బిగించింది. సాయంత్రం మళ్ళీ వదులే! అత్తగారు విజయగర్వంతో ఇద్దర్నీ కేకేసింది. మామగారు పీట మీద, మరిది నేల మీద.

బుధవారం దాకా “బిగించమను”, “బిగించానని చెప్పు”. గురువారం అత్తగారికి దగ్గు తెర వచ్చి, కబురు మోసే మనిషి లేకపోయింది.

“బిగించరా!” అన్నారు మామగారు, గత్యంతరం లేక.

“బిగించా నాన్నా,” అన్నాడు మరిది.

అత్తగారి దగ్గు టక్కున ఆగిపోయింది.

శుక్రవారం కోడలు మెకానిక్‌ని పిలిపించింది. అతను అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. “దీనికి రోగమూ లేదు, రొష్టూ లేదు. ఈ మర తనంతట తను తిరగదమ్మా. ఎవరో తిప్పుతున్నారు.”

కోడలికి లెక్క తేలిపోయింది. ఇంకెవరు, అత్తగారే! కొడుకు వెళ్ళకుండా తల్లిమనసు పడే పాట్లు!

“అత్తయ్యా, నిజం చెప్పండి. మర మీరే తిప్పుతున్నారు కదూ?”

“అయ్యో రాత! దాన్ని ముట్టుకోవాలంటేనే నాకు హడలు. సోమవారం తిప్పినందుకే ఇంత భాగోతం అయింది!” అంటూ అత్తగారు లెంపలేసుకుంది. ఆ మొహం చూస్తే అబద్ధంలా లేదు.

శనివారం వచ్చింది. బొంతకి ఇంకా రెండే ముక్కలు మిగిలాయి. ఆ సాయంత్రం కుట్టేస్తే మర్నాడు మరిది ప్రయాణం. కోడలు తెల్లారగానే మిషను దగ్గరికని బయల్దేరింది. కాసేపు తలుపు వెనకే నిలబడి, ఆ రోజు మర బిగించకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుండగా హాల్లో పీట జరిగిన చప్పుడైంది. కోడలు తొంగి చూసింది. మామగారు కళ్ళజోడు నుదుటికెక్కించుకుని, మిషను మీదికి వంగి, నాలుక కొరుక్కుంటూ మర తిప్పుతున్నారు.

“మామయ్యగారూ!”

ఆయన ఉలిక్కిపడ్డారు. “ఏం లేదమ్మా... దుమ్ము...” అని తువ్వాలు కోసం భుజం తడుముకున్నారు. భుజం మీద తువ్వాలు లేదు. ఇక దాచలేక కూలబడ్డారు.

“మీ అత్తయ్యతో అనకమ్మా, నీకు పుణ్యముంటుంది. వాడితో మాట్లాడకపోయినా, మేడ మీద వాడు నడిచే చప్పుడు వింటూ రెండేళ్ళు గడిపేశాను. వాడు వెళ్ళిపోతే ఆ చప్పుడు కూడా ఉండదు. ‘నాన్నా’ అన్నాడు మొన్న, విన్నావుగా? ఈ బొంత ఇంకో నాలుగు రోజులు సాగితే చాలమ్మా.” కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మర మీద చెయ్యి వేశారు. “ఇదేంటి ఈవేళ, పట్టు లేకుండా గిర్రున తిరుగుతోంది?”

కోడలు దగ్గరికొచ్చి ఆయన చెయ్యి మెల్లగా పక్కకి తీసింది.

“శ్రమపడకండి మామయ్యగారూ, పొద్దున్నే మీ చిన్నబ్బాయి తిప్పేసి వెళ్ళాడు.”