జపాను చెయ్యి

"ఇది నా స్టూడియోలో వద్దు. వాపసు ఇచ్చేసి రా పో" అన్నాడు జయరామ్, కొత్త కెమెరాను తిరగేసి అడుగున రాసింది చదివి.

లోహిత ముఖం చిన్నబోయింది. పెళ్లిళ్లకు అద్దె కెమెరాతో తిరిగి, కూడబెట్టి కొన్నదది. మూతపడిన నాయన స్టూడియోను మళ్లీ తెరవాలని ఆమె ఆశ.

"ఏమైంది నాయనా? నువ్వు ఎప్పుడూ వాడిన కంపెనీదే గదా!"

"కంపెనీ అదే. చేసింది తాయిలాండులో. సూడు, ఈడ రాసుండాది. తిరపతి లడ్డు మదరాసులో చేస్తే ప్రసాదమైతాదా?"

"మన శ్రీ సిటీలో చేసిన చైనా కంపెనీ ఫోనులో పొద్దస్తమానం మాట్లాడతా ఉండావే?"

"మాట్లాడేదానికి ఏదైతేనేం! బొమ్మ తీసేది వేరే."

ఆయన బీరువా తెరిచి, జపానులో చేసిన తన పాత కెమెరా బయటికి తీశాడు. తోలు సంచి వాసన తగలగానే మనసు ఎటో వెళ్లిపోయింది. రీలు తిప్పుతుంటే వేలికి తెలిసే ఆ బిగువు, మీట నొక్కితే టప్పుమనే ఆ చప్పుడు. కొండ దిగిన జనం నున్నటి గుండ్లకు గంధం పూసుకుని, బస్సెక్కేముందు ఒక్క ఫోటో అంటూ స్టూడియో మెట్ల మీద వరస కట్టిన రోజులు. ఆ రోజుల్లో ఈ కెమెరాను ఇంట్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

గోడమీది పెద్ద ఫోటో వైపు చెయ్యి చూపించాడు. గుండు మీద గంధం ఆరని చిన్న పాప, కళ్లు మూసుకుపోయేలా నవ్వుతోంది. స్టూడియోకు పేరు తెచ్చింది ఆ ఫోటోనే.

"దీన్ని సూడు. దినానికి ఎంతమందిని తీస్తా ఉంటినో, ఈ పాప ముఖం నాకు గుర్తే లేదు. రీలు కడిగినాక సూసి నేనే బిత్తరపోతిని. ఇది నేను తీసింది కాదు లోహితా, జపాను చెయ్యి తీసింది! ఇట్లాంటి నవ్వును నీ తాయిలాండుది పట్టగలదా?"

లోహిత కళ్లు తుడుచుకుని కెమెరాను పెట్టెలో సర్దసాగింది.

గుమ్మంలో అనపకాయలు ఒలుస్తున్న కుప్పమ్మ, చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. కూతురి చేతిలోంచి పెట్టె లాక్కుని బల్లమీద పెట్టింది.

"యాడికీ ఇచ్చేది లేదు. బిడ్డ కొనుక్కునింది, ఉండనీ."

"కెమెరాల గురించి నీకేం తెలుసే?" కసిరాడు జయరామ్.

"నాకేం తెల్దప్పా. నీది జపానుదో యాడిదో కూడా నాకు తెల్దు" అంది కుప్పమ్మ, పాప ఫోటోనే చూస్తూ. "నువ్వు చెయ్యి ఇరిగి పుత్తూరులో కట్టు కట్టించుకుంటా ఉన్న పొద్దు, ఆ బిడ్డ ఏడుస్తా వచ్చింది. చిటికెలేసి నవ్వించి, నువ్వు తిప్పినట్టే తిప్పి, నొక్కింది నేనే."