ఇరవయ్యారు నిమిషాలు

"పద్దెనిమిది," అన్నాడు చిట్టియ్య, టీగ్లాసులు కడుగుతూనే.

జీవరాజు ఓవర్‌బ్రిడ్జి మెట్లు దిగి, మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టాడు. భుజం మీద పాతిక కేజీల ఇసక బస్తా. అతను నిడదవోలు స్టేషన్లో బుకింగ్ క్లర్కు. ఆరింటికల్లా కౌంటర్ తెరవాలి. ఈలోగా ఇరవైసార్లు ఎక్కి దిగితే ఆ రోజుకి కసరత్తు అయినట్టే. మధ్యాహ్నం డ్యూటీ పడిన వారం కాలవగట్టు మీద పరుగు. వానాకాలం గదిలోనే తాడాట. జాతరలో మొదటి కుస్తీ పట్టిన మర్నాడు మొదలుపెట్టాడు, మూడేళ్ళలో ఒక్కరోజు మానలేదు.

"మిగతా ఊళ్ళవాళ్ళు జాతరకి రెండు నెలల ముందు దిగుతారయ్యా. ఏడాదంతా నీకేంటి ఈ శిక్ష?"

"నాకు రోజుకి అరగంటే దొరుకుద్దండి. కొంచెం కొంచెం చేస్తేనే దమ్ము నిలబడుద్ది."

చిట్టియ్య ఒకప్పుడు పేరున్న వస్తాదు. కుడిభుజం పాడయ్యాక స్టేషన్ బయట టీకొట్టు పెట్టుకున్నాడు. నోటితో నేర్పగలడు గానీ పట్టు పట్టి చూపించలేడు. ఊళ్ళో కుస్తీ పట్టేవాళ్ళు వేరే ఎవరూ లేరు. జీవరాజు తన పట్లన్నీ గదిలో పరుపుచుట్ట మీదే సాధన చేసుకునేవాడు.

ఆ గదిలో ఇంకో మనిషి అలికిడి ఉండేది కాదు. తల్లి పోయి ఐదేళ్ళయింది. అతని పెళ్ళి ఊసు ఎత్తేవాళ్ళే లేరు. రోజంతా కౌంటర్ కంతలోకి వందల చేతులు వస్తాయి, టికెట్టు అందుకుని వెళ్ళిపోతాయి. సెలవు రోజయితే అదీ ఉండదు. సెలవంటే అతనికి భయం.

పెద్దాపురం జాతర కుస్తీల్లో అతనికి ఎదురు జోడీ ఎప్పుడూ లోవరాజే. వీపు నేలకి ఆనేదాకా ఆట, గడియారంతో పని లేదు. మొదటేడు జీవరాజు ఎనిమిది నిమిషాల్లో ఓడాడు. రెండో ఏడు పదమూడు. కిందటేడు పందొమ్మిది.

"దమ్ము బాగా పెరిగింది. ఈసారి కొట్టాలి," అన్నాడు చిట్టియ్య. "ముప్పయ్యైదేళ్ళు దాటితే గోదాలోకి దింపరు. నీకిదే ఆఖరు."

"తెలుసండి."

జీవరాజు బస్తా దించి దానిమీదే కూర్చున్నాడు.

జాతర రోజు చిట్టియ్య కొట్టు మూసేసి వెంట వెళ్ళాడు. కుస్తీ మొదలైన నాలుగో నిమిషంలోనే లోవరాజు కాలు జారింది. జీవరాజు పైనున్నాడు. ఒక్క తోపు తోస్తే వీపు నేలకి ఆనేస్తుంది.

"తోసెయ్," అని అరిచాడు చిట్టియ్య.

జీవరాజు పట్టు సడలించాడు. లోవరాజు లేచి నిలబడ్డాడు. జనం ఉసూరుమన్నారు. చిట్టియ్య నెత్తి కొట్టుకున్నాడు.

పది నిమిషాలయ్యాయి. ఇరవై దాటాయి. ఇద్దరూ ఒకరి మెడ చుట్టూ ఒకరు చేతులు వేసి, భుజానికి భుజం ఆనించి పట్టు మీదున్నారు. లోవరాజు రొప్పుతున్నాడు. జీవరాజు మాత్రం అరుగు మీద కూర్చున్నవాడిలా నెమ్మదిగా ఊపిరి తీస్తున్నాడు. ఇరవయ్యారో నిమిషంలో లోవరాజు చేతులు దించేశాడు.

"ఇంక నా వల్ల కాదండి. మీరే గెలిచారు. వదలండి."

జీవరాజు వదల్లేదు. రిఫరీ వచ్చి విడదీయాల్సి వచ్చింది. కప్పు చేతికిచ్చినప్పుడు అతను వెక్కివెక్కి ఏడ్చాడు. గెలిచిన సంతోషం అనుకున్నారందరూ.

తిరుగు బస్సులో చిట్టియ్య ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఒక్కటి చెప్పవయ్యా. నాలుగో నిమిషంలోనే అయిపోవాల్సిన కుస్తీ. చేతికి చిక్కినోణ్ణి ఎందుకొదిలేశావు?"

"తొందరేముందిలే అనిపించిందండి," అన్నాడు జీవరాజు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అమ్మ పోయాక అతన్ని ఒక మనిషి గట్టిగా పట్టుకునేది ఏడాదికి ఆ ఒక్కసారే.