మొదటి తప్పు

చెల్లెలు ఆరిన బట్టలు మడతపెడుతోంది. లాప్‌టాప్ ముందు కూర్చున్న అన్న తన భార్యను పిలిచాడు.

"ప్రోగ్రాం బిల్డ్ మళ్లీ మధ్యలో ఆగిపోయింది. మధ్యాహ్నానికి ఈ టూల్ నడవకపోతే నా ఉద్యోగం పోయినట్టే. కాస్త చూడు."

అన్న పెళ్లి దాకా ఆ పిలుపు చెల్లెలికే వచ్చేది. అన్నకు కమాండ్లు కొట్టడం నేర్పిందే తను.

వదిన వచ్చి పక్కన కూర్చుంది. తెర నిండా తప్పులు చూపే ఎర్రటి వరసలు. ఇద్దరూ అట్టడుగు వరసనే పట్టుకుని వేలాడుతున్నారు. పైనుంచి చదవాలనీ, మొదటి తప్పే అసలుదనీ, మిగతావన్నీ దాని పిల్లలేననీ చెల్లెలు అన్నకు ఎన్నిసార్లు చెప్పిందో. ఏదో ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాలేదని చెల్లెలికి ఇక్కణ్ణుంచే కనబడుతోంది. చెప్పలేదు.

"కొత్త గురువుగారు దొరికారుగా, నేర్చుకో" అంది, చొక్కా కాలరు సరిచేస్తూ.

అన్న మొహం కడుక్కోవడానికి లేచి వెళ్లాడు. వదిన గొంతు తగ్గించింది.

"పైన ప్యాకేజీ లేదని ఉంది కదమ్మా. ఇందాకే చూశాను. నువ్వు చెప్తావని ఆగాను. ఇది నీ చోటు."

చెల్లెలు చొక్కా పక్కన పెట్టి వచ్చి, కూర్చోకుండానే రెండు కమాండ్లు కొట్టింది. ఈసారి ఎరుపు లేకుండా, వరసలు ఆగకుండా కదిలాయి.

"చూశావా, మీ వదిన చెయ్యి పడితే చాలు" అన్నాడు అన్న, తువ్వాలుతో తిరిగొస్తూ.

వదిన ఏదో చెప్పబోయింది. చెల్లెలు ఆమెను కళ్లతోనే వారించి, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.