ముందు పిస్టన్, తర్వాత బోరు

"పిస్టన్లు నా సేతిలో పడితేగాని బోరు పెట్టను," అన్నాడు గంగులు.

లక్ష్ముడికి ఒళ్ళు మండిపోయింది. ఈ మాట వినీ వినీ చెవులు తూట్లు పడ్డాయి.

కొత్తవలసలో గంగులుది లేత్ షాపు. బల్ల మీద ఉన్నది లక్ష్ముడి జీపు ఇంజను బ్లాకు. తండ్రి కాలం నాటి జీపు, సంతలకు జనాన్ని చేరవేసి ఇల్లు గడిపిన బండి. సిలిండర్లు అరిగిపోయి వానాకాలం నుంచి మూలన పడింది. బోరు పెట్టి, అంటే సిలిండర్లను లోపల కోసి వెడల్పు చేసి, కాస్త పెద్ద సైజు పిస్టన్లు వెయ్యాలి. ఆ పిస్టన్లేమో ఎక్కడా దొరకవు.

"కలకత్తా పార్టుల షాపోడు ఫార్టీ సైజు పంపుతానన్నాడు గదా. ఫార్టీకి కోసెయ్."

"అన్నాడు. వచ్చినాయేటి? ముందు పిస్టన్ని కొలిసి, దానికి తగ్గట్టు కొయ్యాల. ఈ గోడలు సూడు, ఒక్క కోతకే ఉన్నాయి. ఎక్కువ కోసేస్తే లోపల ఇనుప తొడుగు, అదే లైనరు, ఎయ్యడానికి కూడా మందం ఉండదు. పాత ఇనుముకి అమ్ముకోడమే."

లక్ష్ముడు కలకత్తావాడికి మళ్ళీ ఫోన్ చేసి తిట్టాడు. పొద్దుట్నుంచీ అదే పని. అటు నుంచి అదే 'రేపు'.

అప్పుడే ఒక పెద్దాయన లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన్ని కిందికి లాగేస్తున్న గుడ్డసంచి. తిన్నగా బ్లాకు దగ్గరకెళ్ళి, సిలిండర్లో వేళ్ళు పెట్టి తడిమాడు.

"ఇంకా బోరు పెట్టనేదు గదా?"

లక్ష్ముడికి విషయం తెలిసిపోయింది. తెలిసిపోయిందనుకున్నాడు, పాపం. పాత జీపుల మోజున్నవాళ్ళు ఈమధ్య తరచూ దిగుతున్నారు. ఫొటోలు తీస్తారు, "ఇదింక తిరగదు" అని జాలి ఒలకబోస్తారు, ఆనక బేరానికి దిగుతారు.

"జీపు అమ్మను."

"కొనడానికి రానేదు బాబూ, నాను..."

"అందరూ ముందు ఇలాగే సెప్తారు. ఎల్లండి."

"ఒక్క మాట..."

"ఎల్లమన్నానా!"

పెద్దాయన ముఖం చిన్నబోయింది. సంచి మీద ఓసారి చెయ్యి వేసుకుని, రైల్వేస్టేషన్ వైపు నడిచాడు.

మిగిలిన కోపం గంగులు మీదకి మళ్ళింది. "ఈరోజు కోస్తావా, వేరే షాపుకి అట్టుకుపోనా?"

"నీ బండి, నీ ఇష్టం. తర్వాత నన్ననకు."

మిషను తిరిగింది. ఇనుప పొట్టు రాలింది. మొదటి సిలిండరు ఫార్టీకి తెగి తళతళలాడింది. చాలా రోజులకి లక్ష్ముడికి ప్రాణం లేచొచ్చింది.

ఫోను మోగింది. ఎచ్చెర్ల నుంచి మేనల్లుడు యుగంధర్.

"పొద్దుట్నుంచి నీ ఫోను ఖాళీయే నేదేటి మావా? జగన్నాధం గారు వచ్చేరా?"

"ఆయనెవరు?"

"పాత జీపు డ్రైవరు. నీకు పిస్టన్లు అట్టుకొస్తన్నారు. నాలుగూ కొత్తవే, అట్టపెట్టి కూడా ఇప్పనేదు."

లక్ష్ముడు తెగిన సిలిండరు వైపు చూశాడు. "ఏ సైజు?"

"ట్వంటీ."

"ట్వంటీయా?"

ఆ మాట వినగానే గంగులు మిషను కట్టేశాడు. ఫార్టీకి కోసిన సిలిండర్లో ట్వంటీ పిస్టన్ వదులుగా ఊగుతుంది. కోసేసిన ఇనుమును తిరిగి అతికించడం ఎవరి తరమూ కాదు. లైనరెయ్యడానికి మందమూ మిగల్లేదు.

అటు నుంచి యుగంధర్ చెప్పుకుపోతున్నాడు.

"తన జీపు కోసం దాసుకున్నారట మావా... సూపు మందగించి ఇంక నడపలేనని, నీ జీపైనా సంతకి తిరగాలని, ఊరికే ఇచ్చెయ్యడానికి బయల్దేరేరు."