బోర్డు మార్చిన విమానం

"బయట ఎండ మాడ్చేస్తుంటే వాన అంటారేమిటమ్మా?"

గేటు దగ్గర కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి అడిగాడు పెద్దాయన. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. మామూలుగా మాట్లాడినా చివరి సీటు దాకా వినిపించే గొంతు.

"వాన ఇక్కడ కాదు బాబాయ్ గారూ, మీరు విమానం మారాల్సిన చోట," అంది కౌంటరులో అమ్మాయి. పొద్దుట్నుంచీ ఆ మాట ఎంతమందికి చెప్పిందో, అయినా విసుక్కోలేదు.

"అయితే అక్కడి విమానాలు ఆపుకోమనండి. మధ్యలో మేమేం చేశాం?"

"అది పెద్ద జంక్షన్ కదండీ. నాలుగు వైపుల్నుంచీ అన్నీ అక్కడికే వస్తాయి. ఆకాశం తెరిపిగా ఉంటే ఒకదాని వెనక ఒకటి దగ్గర దగ్గరగా దింపేస్తారు. ముసురు పట్టిందంటే ముందున్న విమానం వెనకవాళ్ళకి కనపడదు. అందుకని మధ్యలో ఎడం పెంచుతారు. గంటలో దిగేవి సగానికి సగం తగ్గిపోతాయి. మిగతావన్నీ పైన చక్కర్లు కొట్టేకంటే, బయల్దేరే చోటే నేలమీద ఉంటే మంచిది కదా."

పెద్దాయనకి ఆ మాట సబబుగానే తోచింది. దాంతో ఇంకా ఉక్రోషం వచ్చింది.

"మా అక్కకి కళ్ళ ఆపరేషనయిందమ్మా. రేపు పొద్దున్నే కట్టు విప్పుతారు. విప్పగానే నా మొహమే చూస్తానని పట్టుబట్టి కూర్చుంది. అక్కడ నా రెండో విమానం తప్పిపోతే ఇవాళ్టికి మరోటి లేదు."

ఆ అమ్మాయి టికెట్టు తీసుకుని కాసేపు కంప్యూటరు చూసింది. "మిమ్మల్ని మొదటి వరసలోకి మార్చాను. దిగేటప్పుడు అందరికంటే ముందు దిగొచ్చు. నా చేతిలో ఉన్నది అంతే బాబాయ్ గారూ."

అంత చిన్న సాయానికే ఆయన ఆ అమ్మాయిని చల్లగా ఉండమని దీవించాడు. పక్కకొచ్చి అక్కకి ఫోను చేశాడు.

"నువ్వు రాకపోతే కట్టు విప్పనివ్వను," అంది అక్క.

"డాక్టరు ఆగడే అక్కా."

"నీ బస్సు కోసం నేను ఎన్ని పూటలు నిలబడలేదూ? ఒక్క పూట ఆయన నిలబడితే అరిగిపోతాడా?"

"పుట్టినప్పట్నుంచీ చూస్తున్న మొహమేగా. కాస్త ఆలస్యంగా చూస్తే ఏం పోయింది?"

"చూసి మూడేళ్ళయిందిరా. బట్టతల ఎంతదాకా వచ్చిందో చూడాలి నేను."

నవ్వు రాబోయి ఆగిపోయింది. ఫోను జేబులో పెట్టుకుని, అద్దం అవతల కదలకుండా నిలబడ్డ విమానాన్ని తనకొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. కండక్టరుకి తిట్లు తక్కువేం కాదు.

ఎట్టకేలకు విమానం లేచింది. గాల్లో కూడా ఆయన దాన్ని వదల్లేదు. నత్తకి రెక్కలొచ్చినా ఇంతకంటే ముందే చేరేదని గొణుక్కుంటూనే ఉన్నాడు. దిగేసరికి అక్కడ కుండపోత. విమానాన్ని భవనానికి ఎక్కడో దూరంగా నిలిపి, అందర్నీ బస్సులో ఎక్కించారు. ఆయన అలవాటుగా తలుపు దగ్గరే నిలబడి, లోపల్లోపల "రైట్ రైట్" అనుకున్నాడు. రెండో విమానం టైము ఎప్పుడో దాటిపోయింది.

బస్సు దిగి పరుగందుకున్నాడు. మోకాళ్ళు మొరాయించాయి. వెనక నుంచి బ్యాటరీ బండి వచ్చి పక్కనే ఆగింది.

"ఎక్కండి తాతగారూ. ఎక్కడికి?"

ఆయన గేటు నంబరు చెప్పాడు.

"అబ్బో, ఆ చివర. సరే, గట్టిగా పట్టుకోండి."

దారిపొడుగునా నేలమీద దుప్పట్లు పరుచుకుని పడుకున్నవాళ్ళు, పిల్లల్ని భుజాన వేసుకుని తిరుగుతున్నవాళ్ళు. వాళ్ళని తప్పించుకుంటూ బండి ఆయన్ని గేటు ముందు దించింది. ఆయన డ్రైవరు భుజం తట్టి కృతజ్ఞతలు చెప్పి, కౌంటరు దగ్గరికి దాదాపు పడిపోతూ వెళ్ళాడు.

"అమ్మా, నా విమానం వెళ్ళిపోయింది కదూ?" ఊపిరాడక ఆగి ఆగి మాట్లాడాడు. "నేను కండక్టరుగా చేసినన్నాళ్ళూ, పరుగెత్తుకొచ్చే మనిషి కనిపిస్తే రైట్ చెప్పలేదు. మీవాళ్ళు ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూస్తే ఏం?"

కౌంటరులో ఉన్నావిడ ముందు ఆయనకి కుర్చీ చూపించింది. తన సీసాలోంచి గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చింది. తర్వాత ఆయన చేతిలోని రెండు బోర్డింగ్ కాగితాలూ తీసుకుని చూసింది.

"మీ విమానం ఎక్కడికీ వెళ్ళలేదు. స్థిమితంగా కూర్చోండి."

"వానకి ఆపారా?"

"అది ఇక్కడికి చేరడమే ఆలస్యమైంది. ఇప్పుడే లోపల ఊడుస్తున్నారు. కాసేపట్లో బస్సులో తీసుకెళ్ళి ఎక్కిస్తాం. రాత్రికల్లా మీరు వెళ్ళాల్సిన ఊళ్ళో ఉంటారు."

అక్క, ఆసుపత్రి మంచం, కట్టు విప్పే చేతులు, ఎదురుగా తన బట్టతల, అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలిచాయి. ఆయన గ్లాసు కింద పెట్టి, వానలో ఎక్కడుందో తెలియని ఆ విమానానికి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

"చూశావా తల్లీ, విమానమంటే ఇది. నేనెక్కిన దరిద్రపుముండ పొద్దుట్నుంచీ ఏడిపించింది. ఇదేమో నాకోసమే అన్నట్టు ఆలస్యంగా వచ్చింది."

ఆవిడ పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. రెండు కాగితాలూ ఆయన చేతిలో పెట్టి నెమ్మదిగా చెప్పింది:

"ఆ తిట్లు వెనక్కి తీసుకోండి బాబాయ్ గారూ. ఇందాక మీరు దిగొచ్చిందే మళ్ళీ ఎక్కబోతున్నారు. మేం బోర్డు మార్చామంతే."